ఎత్తిన మడమ

ఆటల పీరియడ్ సగం అయిపోయింది. గోడ ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది.

ఆ పిల్ల పేరు అది కాదు. మైదానం చివర, బడి ప్రహరీ పక్కన తప్ప ఇంకెక్కడా కనిపించదు కాబట్టి నాలుగో తరగతి అంతా కలిసి పెట్టిన పేరు. మైదానం నడుమ కెప్టెన్ బ్యాటు పట్టుకుని ఉన్నాడు. అతన్నీ ఎవరూ ఎన్నుకోలేదు. బ్యాటు వాళ్ళింటిది, అంతే. అతనికి బంతి వేసేవాడొకడు, వెనక నిలబడి పట్టేవాడొకడు. మిగతా క్లాసంతా ఎండలో చెల్లాచెదురుగా ఉంది. ఇద్దరు పుల్లతో మట్టిలో బొమ్మలు గీస్తున్నారు. ఒకడు చెప్పులు విప్పి వాటి మీదే చతికిలబడ్డాడు. ఉడత అనే బక్క కుర్రాడు తన నీడని తనే తొక్కడానికి ఎగురుతున్నాడు.

టీచర్ వరండా స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. ఈ పీరియడ్ ఆమెది కాదు. ఆమె తమ్ముడిది. అతను ఈ బళ్ళోనే డ్రిల్లు మాస్టారు. అతను పోయాక ఎవరి క్లాసు ఆటలు వాళ్ళే చూసుకోండి అన్నారు. ఆమెకి లెక్కలు చెప్పడం వచ్చు, చదివించడం వచ్చు. బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో కూడా సరిగా తెలీదు. అందుకని పిల్లల్ని బయటికి వదిలి, గంట కొట్టేదాకా స్తంభానికి ఆనుకుని, మళ్ళీ లోపలికి తోలుకొస్తోంది.

కెప్టెన్ కొట్టిన బంతి దొర్లుకుంటూ గోడ దాకా వెళ్ళింది. ఆ పిల్ల బంతికి ఎదురు వెళ్ళలేదు. పక్కకి కాస్త జరిగి వంగింది. బంతి గోడకి తగిలి సరిగ్గా ఆమె చేతుల్లోకే వచ్చింది.

"ఏయ్ గోడా, నిద్రపోతున్నావా? వెయ్యి!" అని అరిచాడు కెప్టెన్.

వేసింది. బంతి నేరుగా వచ్చి బౌలర్ కాళ్ళ దగ్గర పడింది. ఎవరూ బాగుందనలేదు. టీచర్ మాత్రం స్తంభాన్ని వదిలేసి ఎండలోకి నడిచింది.

"నువ్వెప్పుడు కొడతావే?"

"నేను ఇక్కడుంటా టీచర్."

"అది చూస్తూనే ఉన్నాను. బ్యాటు ఎప్పుడు పట్టుకుంటావు అంటున్నాను."

"మాదాకా రాదు టీచర్. ఈలోగా గంట కొట్టేస్తారు."

ఫిర్యాదులా అనలేదు. మా ఇల్లు ఆ సందులో అని చెప్పినట్టు చెప్పింది. టీచర్‌కి గుచ్చుకున్నది అదే.

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టారు పిలిపించారు.

"కూర్చోండి. నా కిటికీలోంచి మైదానం కనిపిస్తుంది, మీకు తెలుసుగా. ముగ్గురు ఆడుతున్నారు. తక్కినవాళ్ళు ఆరేసిన బట్టల్లా ఉన్నారు."

"అవును సార్."

ఆమె వాదిస్తుందనుకున్నారు కాబోలు. అవుననేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది కాదు టీచరు గారూ. కొత్త డ్రిల్లు మాస్టారు ఎప్పుడొస్తాడో ఏమో. ఈలోగా కింది తరగతుల ఆటల పీరియడ్ లెక్కలకి ఇచ్చేద్దాం అనుకుంటున్నా. మీ సబ్జెక్టే కదా, మీకూ నెత్తిన బరువు తగ్గుతుంది."

వారం కిందట అయితే ఆమె సరేననేది. నిజానికి ఆమే వచ్చి అడుగుదామనుకుంది కూడా.

"శనివారం దాకా ఆగండి సార్."

"శనివారం ఏమవుతుంది?"

"ఇంకా తెలీదు. వచ్చి చూడండి. అప్పుడూ ఇలాగే ఉంటే లెక్కలే చెబుతాను."

*

ఆ సాయంత్రం టీచర్ తమ్ముడి ఇంటికెళ్ళేసరికి మరదలు కుట్టుమిషను మీద వంగి ఉంది. ముందు గదంతా మిషనే. దాని చుట్టూ ఇతరుల బట్టలు, మధ్యలో ఆమె. అతను పోయిన దగ్గర్నుంచీ బజారుకి కూడా వెళ్ళలేదు. కుట్టాల్సినవి వాళ్ళే తెచ్చిస్తున్నారు, వాళ్ళే తీసుకుపోతున్నారు.

"రండి వదినా. ఆ కుర్చీ మీద జాకెట్లున్నాయి, పక్కన పెట్టి కూర్చోండి. సూదులున్నాయి, చూసి."

టీచర్ చూసి కూర్చుంది. "స్టోరు గది తాళం చెవి కావాలమ్మాయ్."

తొక్కుతున్న కాలు ఆగలేదు. "మేకుకే ఉంది."

మేకుకి ఈల తాడు వేలాడుతోంది. తాళం చెవి ఆ తాడుకే.

"నేను తీసుకోనా?"

"తీసుకోండి. నాకు అందదు."

అందుతుందని ఇద్దరికీ తెలుసు. టీచర్ లేచి, ఈల చప్పుడు కాకుండా అరచేతిలో మూసి, తాడు తీసి పర్సులో పెట్టుకుంది.

"పిల్లలకి బంతులు కావాలి. గట్టివి కాదు. గట్టి బంతి వస్తుంటే మొహం తిప్పేసుకుంటున్నారు. గుడ్డ బంతులు కుట్టగలవా?"

"ఎన్ని?"

"తలా ఒకటి."

కాలు ఆగింది. "తలా ఒకటా! ఆయన మొత్తం టీముకీ కలిపి రెండు బంతులు. అందులో ఒకటి ఎప్పుడూ ఎవరి డాబా మీదో ఉండేది." చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో దెప్పడం వినిపించింది. "పేలికలకేం, బోలెడున్నాయి. శుక్రవారానికి చూస్తాలెండి. ముందు ఈ జాకెట్లావిడ నా ప్రాణం తీయకుండా ఉంటే."

*

స్టోరు గదిలో రబ్బరు వాసన, దుమ్ము వాసన. టీచర్ గుమ్మంలోనే కాస్త ఆగి లోపలికెళ్ళింది. ఒకదానిలో ఒకటి దూర్చిన రబ్బరు కోన్లు, బ్యాట్లు, గాలి పోయిన ఫుట్‌బాళ్ళు. పై అరలో అతని కాన్వాసు బూట్లు, పక్కపక్కన, లేసులు లోపలికి మడిచి. వాటి వంక చూడకుండా కోన్లు ఎత్తుకుంది.

పిల్లల్ని చిన్న చిన్న గుంపులు చేసింది. గుంపుకో కోను, దాని నెత్తిన పాత సాక్సులు ఉండ చుట్టిన బంతి. బంతి ఎవరూ వెయ్యరు, అదే అక్కడ బుద్ధిగా కూర్చుని ఉంటుంది, వచ్చి కొట్టాలి. ఒకడు కొడితే మిగతావాళ్ళు పట్టాలి. పట్టేటప్పుడు చేతులు దోసిలి పట్టినట్టు ఉండాలని, ఒళ్ళంతా బంతి వెనక ఉండాలని చెప్పింది. ఇది ఆమె కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ముందురోజు గోడని చూసి నేర్చుకున్నది.

"కొట్టేటప్పుడు ఎలా నిలబడాలి టీచర్?" ఉడత అడిగాడు.

ఆమెకి తెలీదు. అప్పుడప్పుడు సాయంత్రాలు మాస్టర్లంతా కలిసి ఆడేవాళ్ళు. తమ్ముడితో కలిసి ఇంటికెళ్ళడానికి ఆమె వరండాలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేది. అతని వంతు వస్తే తలెత్తి చూసేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అతనే కనిపించాడు. ఎడమ భుజం ముందుకి, గడ్డం భుజం మీద, బ్యాటు నేలకి ఓసారి తట్టి, ఎడమ మడమ పైకెత్తి, పై అరలో డబ్బా అందుకునేవాడిలా మునివేళ్ళ మీద.

"ఎడమ భుజం ముందుకి. బంతి మీదే చూపు. ఎడమ మడమ ఎత్తండి. ఇంకాస్త. అదీ."

మైదానం నిండా మడమలు లేచాయి. టీచర్ పక్కకి తిరిగి, అక్కర లేకపోయినా ఒక కోను సర్దింది.

మర్నాటికి ఆట కూడా తెచ్చింది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ సందులో పిల్లల్ని పోగేసి ఆడింది. రెండు జట్లు. వరస ప్రకారం అందరూ కొట్టాలి, రెండోసారి ఎవరికీ లేదు. కొట్టినవాళ్ళు, దగ్గర దగ్గరగా నిలబడ్డ తమ జట్టు చుట్టూ పరిగెత్తాలి. చుట్టుకో పరుగు. అవతలి జట్టులో బంతి ఎవరికి దొరికితే వాళ్ళు దొరికినచోటే నిలబడిపోతారు. మిగతా అందరూ పరిగెత్తుకెళ్ళి వాళ్ళ వెనక బారు కట్టాలి. బంతి తలల మీదుగా చేతులు మారుతూ చివరివాళ్ళ దాకా పోవాలి. చివరివాళ్ళు "ఆగు!" అని అరిస్తే పరుగులు ఆగిపోతాయి.

"అందరూ కొడితే మరి నేనెప్పుడు కొడతాను?" అన్నాడు కెప్టెన్.

"నీ వంతు వచ్చినప్పుడు."

"ఈలోగా గంట కొట్టేస్తారు టీచర్!"

గోడ వైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది.

బ్యాటు వాళ్ళింటిదని కాసేపు మూతి ముడుచుకున్నాడు కానీ, బారు కట్టడానికి అందరూ అటు పరిగెడుతుంటే ఒక్కడూ ఎంతసేపని నిలబడతాడు. పరిగెత్తాడు. ఉడతని గుద్దుకుని ఇద్దరూ దొర్లారు. లేచేసరికి అలక ఎటుపోయిందో తెలీదు.

అంతా బాగానే ఉంది, ఒక్క విషయం తప్ప. బలమైనవాళ్ళు ఎలా నిలబడ్డా కొట్టేస్తున్నారు. చిన్నవాళ్ళు మడమెత్తి బ్యాటు ఊపగానే కొంగల్లా తూలుతున్నారు. గోడ సంగతి మరీ అన్యాయం. భుజం చెప్పినట్టే పెడుతుంది, చూపు చెప్పినచోటే పెడుతుంది, మడమ అందరికంటే ఎత్తుగా లేపుతుంది. ఊపేసరికి ఒళ్ళు పక్కకి ఒరిగి బ్యాటు కోనుకి తగులుతుంది. కోను ఎగిరిపోతుంది, బంతి ఆమె కాళ్ళ దగ్గరే పడుతుంది.

"కోను సిక్సర్!" అని అరిచాడెవడో. గురువారం నాటికి ఆ మాట క్లాసంతా పాకింది. ఆమె వంతు రాగానే ముందే మొదలెడుతున్నారు.

ఆ రోజు గోడ బ్యాటు తెచ్చి టీచర్ చేతికిచ్చింది.

"నేను గోడ దగ్గరే ఉంటా టీచర్. నాకక్కడ బాగానే ఉంటుంది."

"ఇంకోసారి చూడు."

"మీరు చెప్పినట్టే చేస్తున్నా టీచర్," అంది ఆ పిల్ల. కళ్ళు నేల మీదే ఉన్నాయి. "నాకే రావట్లేదు."

వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడింది. టీచర్‌కి బ్యాటు బరువుగా అనిపించింది. ఇదివరకు ఆ పిల్లకి వంతు రాలేదు, అంతే. ఇప్పుడు వంతొచ్చింది, తనకి చేతకాదని కూడా తెలిసింది. తెలిసేలా చేసింది టీచరే.

*

శుక్రవారం పీరియడ్ మధ్యలో గేటు దగ్గర మరదలు కనిపించింది. భుజాన నిండు దిండుగలీబు. గేటు లోపలికి రావాలా వద్దా అన్నట్టు గొళ్ళెం పట్టుకుని నిలబడింది. టీచర్ గబగబా వెళ్ళింది.

"నువ్వొచ్చావేంటి? నేను సాయంత్రం వచ్చేదాన్నిగా."

"బరువుగా ఉంది వదినా, మీరు మోయలేరు." గుడ్డ బంతుల బరువెంతని. టీచర్ గలీబు అందుకుని ఒక బంతి పైకి తీసింది. నాలుగు ముక్కలు అతికించి కుట్టినది. మూడు ముక్కలు రంగు పేలికలు. నాలుగోది తెల్లది, మందంగా, చాలాసార్లు ఉతికి మెత్తబడిన డ్రిల్లు గుడ్డ. ఇంకోటి తీసింది. అందులోనూ ఒక ముక్క తెల్లది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఆ ప్యాంట్లు ఆమెకి తెలుసు, తమ్ముడివి. బంతి తిప్పి కుట్టు చూసింది.

"గట్టిగా కుట్టావు."

"ఊడకూడదు కదా," అంది మరదలు.

ఇద్దరూ మైదానం వైపు నడిచారు. పిల్లలు కోన్ల దగ్గర వరసగా బ్యాట్లెత్తి, కొట్టమని టీచర్ చప్పట్లు చరిచేదాకా ఎదురుచూస్తున్నారు. ఎడమ భుజాలు ముందుకి. ఎడమ మడమలు గాల్లో.

మరదలు ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి టీచర్ గాభరాగా పట్టుకుంది. తీరా చూస్తే ఆమె నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక వరండా మెట్టు మీద కూలబడింది.

"ఆ మడమలేంటి వదినా! ఎవరు నేర్పారు?"

"నేనే. మీ ఆయన అలాగేగా కొట్టేవాడు."

"అయ్యో వదినా! అది ఆటా? ఆనెకాయ!"

"ఏంటి?"

"ఆనెకాయ. ఎడమ మడమలో. పెళ్ళికి కొత్త బూట్లు కొనుక్కున్నారు కదా, ఇరుకు. కొట్టువాడికి వెనక్కివ్వడానికి మొహమాటం. ఏడాది తొడిగారు వాటినే. అప్పుడు కాసింది. కోయించుకోండీ అని ఎంత మొత్తుకున్నా, డాక్టరంటే భయం. బరువు పడితే ప్రాణం పోయేది, అందుకని ఎత్తేవారు. మీకు తెలీదా?"

"నాకు చెప్పలేదు."

"మీకెలా చెబుతారు, అక్క తిడుతుందని! 'ఈ మడమే లేకపోతే ఇంకా దూరం కొట్టేవాణ్ణే' అని రాత్రీ పగలూ గొప్పలు." నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత నవ్వలేదు. "ఇంతమంది ఎత్తుతున్నారు వదినా. చూడండి."

చూశారు. పిల్లలు తూలుతూ, ఊగుతూ, మడమలు మాత్రం దించకుండా చప్పట్ల కోసం చూస్తున్నారు. టీచర్‌కి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. కాసేపు అలా ఉంటే బాగుండుననిపించింది. అంతలో గోడ వైపు చూపు పోయింది. ఆ పిల్ల గోడకి ఆనుకుని, అంత దూరంలో, బ్యాటు లేకపోయినా, అందరితోపాటు తనూ మడమెత్తి నిలబడి ఉంది.

పీరియడ్ అయ్యాక టీచర్ కోన్లు లోపల పెట్టి, పై అరలోంచి బూట్లు దించింది. తిరగేసి చూసింది. కుడి మడమ అరిగి నున్నబడిపోయింది. ఎడమ మడమ మీద కంపెనీ అచ్చు ఇంకా కొత్తగా ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత లేసులు ఇదివరకటిలాగే లోపలికి మడిచి, ఎక్కడివక్కడ పెట్టేసింది.

*

శనివారం పొద్దున్నే పిల్లల్ని మైదానంలో కూర్చోబెట్టింది.

"మడమ ఎత్తమన్నాను కదా. ఇవాల్టి నుంచి ఎత్తొద్దు. రెండు కాళ్ళూ నేల మీదే ఉండాలి."

"నిన్నటిదాకా ఎత్తమన్నారుగా టీచర్?"

"నేను తప్పు చెప్పాను."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత మంచి కబురు వాళ్ళెప్పుడూ వినలేదు.

"మరి మీకు ఇంపోజిషనా టీచర్?" అన్నాడు ఉడత.

"అవును. ఇంటికెళ్ళి రాస్తాను. ఇప్పుడు అందరూ ఒకసారి గట్టిగా చెప్పండి, నేను మర్చిపోకుండా."

"మడమ కింద!" అని బడి దద్దరిల్లేలా అరిచారు. చాలన్నా ఆపలేదు. ఒకళ్ళ మడమలు ఒకళ్ళు కనిపెడుతూ, తప్పుచేసినవాణ్ణి పట్టుకున్నంత సంబరంగా అరిచారు.

ఆ గోలలో టీచర్ గోడ దగ్గరికి వెళ్ళింది.

"బంతి వస్తుంటే ఎలా నిలబడతావో ఓసారి చూపించు."

ఆ పిల్ల చూపించింది. పాదాలు ఎడంగా, నేలకి అతుక్కుని, మోకాళ్ళు కాస్త వంగి.

"కదలకు," అని చేతిలో బ్యాటు పెట్టింది. "ఇలాగే కొట్టాలి. నీకు ముందే వచ్చు. నేనే చెడగొట్టాను."

పిల్ల తన పాదాల వంక చూసుకుంది. "ఇంతేనా టీచర్?"

"ఇంతే."

చివరి పీరియడ్‌కి హెడ్మాస్టారు వచ్చి వరండాలో నిలబడ్డారు. మరదలు ఇవాళ గేటు దగ్గర ఆగలేదు, తిన్నగా వచ్చి మెట్టు మీద కూర్చుంది, సూదీ దారం పట్టుకుని. బంతి కుట్టు ఊడితే అక్కడికక్కడే వేద్దామని.

గోడ వంతు వచ్చింది. "కోను..." అని మొదలెట్టాడెవడో. కెప్టెన్ అవతలి జట్టులో ఉన్నాడు. "నోర్ముయ్ రా, బంతి చూసుకో," అన్నాడు. అది మంచితనమో, బంతి తనకే దొరకాలన్న ఆశో చెప్పలేం.

గోడ పాదాలు ఆనించింది. ఒకసారి కాలి వేళ్ళతో నేలని పట్టి చూసుకుంది. బ్యాటు ఊపింది.

కోను కదల్లేదు. బంతి అందరి తలల మీదుగా పోయి, ఎన్నాళ్ళుగానో ఆమె నిలబడ్డ చోట, ప్రహరీకి తగిలింది. అక్కడిప్పుడు ఎవరూ లేరు. ముందు చేరింది కెప్టెనే. తిన్నగా బంతికి ఎదురెళ్ళాడు. గోడకి తగిలిన బంతి పక్కకి మళ్ళి, అతని కాళ్ళ పక్క నుంచి జారుకుంది.

"అటు కాదు రా, పక్కకి! పక్కకి జరగాలి!" అని చెబుతూ పరిగెడుతోంది గోడ. తన జట్టు చుట్టూ తిరుగుతూ, పరుగుల సంగతి వదిలేసి, అవతలి జట్టుకి పట్టడం నేర్పుతోంది. జట్టంతా ఆమెని తిడుతూ, చప్పట్లు కొడుతూ లెక్కపెడుతోంది. కెప్టెన్‌కి బంతి దొరికింది. అతని వెనక పిల్లలు దబదబా వచ్చి బారు కట్టారు. బంతి తలల మీదుగా పోతోంది, రంగు ముక్కా తెల్ల ముక్కా మార్చి మార్చి కనిపిస్తూ.

"ఆగు!" అని చివర నిలబడ్డ ఉడత గొంతు చించుకున్నాడు.

హెడ్మాస్టారు మైదానమంతా ఒకసారి చూశారు. కూర్చున్నవాళ్ళ కోసం వెతికారు.

"ఈ పీరియడ్ ఇలాగే ఉంచండి టీచరు గారూ," అన్నారు చివరికి. కాస్త తటపటాయించి, "నాకూ ఒక వంతు ఇస్తారా?"

పిల్లలు కేకలు పెట్టారు. ఆయన వాచీ తీసి మరదలి చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచి, కోను దగ్గరికి వెళ్ళారు. భుజం ముందుకి పెట్టారు. గడ్డం భుజం మీదికి దించారు. బ్యాటు నేలకి ఓసారి తట్టారు. ఎడమ మడమ పైకి లేచింది.

"సార్! మడమ కింద!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన ఉలిక్కిపడి తన కాలి వంక చూసుకున్నారు. అది ఎప్పుడు లేచిందో ఆయనకే తెలిసినట్టు లేదు. "అదేంటి, నాకు ఇలాగే అలవాటు," అన్నారు. "సాయంత్రాలు ఆడేటప్పుడు మీ తమ్ముడు..." ఆగి టీచర్ వైపు తిరిగారు.

మెట్టు మీద మరదలు వాచీని గుప్పిట్లో మూసుకుంది.

"మడమ కింద! మడమ కింద!" పిల్లలు ఆపడం లేదు. గోడ అందరికంటే గట్టిగా అరుస్తోంది.

టీచర్ చెయ్యెత్తింది. మైదానం సద్దుమణిగింది.

"ఉండండర్రా," అంది. "సారుని ఈ ఒక్కసారికి అలాగే కొట్టనివ్వండి."

పిల్లలకి అర్థం కాలేదు. అయినా సరేనని, రెండు పాదాలూ నేలకి ఆనించి, మోకాళ్ళు వంచి, బంతి ఎటొస్తే అటు పరిగెత్తడానికి సిద్ధంగా నిలబడ్డారు.